డావెంట్రీ కొండ: ఒక షార్ట్‌వేవ్ స్టేషన్ నేల కథ

(హామ్ రేడియో మిత్రులు, ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. రిటైరైనా రేడియో వదలని నాలాంటి పెద్దలు ముందు వరుసలో కనిపిస్తున్నారు, సంతోషం. వెనక వరుసల్లో పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు, ఫర్వాలేదు, అదీ రేడియోనే. (నవ్వులు)

నన్ను షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ల గురించి, అంటే పొట్టి రేడియో తరంగాల మీద దూరదేశాలకి ప్రసారం పంపే యంత్రాల గురించి మాట్లాడమన్నారు. నేను ట్రాన్స్‌మిటర్ గురించి తక్కువ, అది కూర్చున్న నేల గురించి ఎక్కువ చెప్తాను. ఇలాంటి స్టేషన్ చూడ్డానికి వెళ్లినవాళ్లు తిన్నగా హాల్లోకి పోయి, ఆ పెద్ద పెద్ద వాల్వులు (సిగ్నల్‌ని పెంచే గొట్టాలు) చూసి నోరెళ్లబెట్టి తిరిగొచ్చేస్తారు. అసలు తెలివంతా బయట పొలంలో ఉంటుంది. ఏ మాస్ట్ (ఎత్తైన యాంటెనా స్తంభం) ఎక్కడ పాతారు, వాటి మధ్య కట్టిన తీగలు ఎటు చూస్తున్నాయి, నేలకి ఎంత ఎత్తులో వేలాడుతున్నాయి అన్నది చూస్తే చాలు. ఆ స్టేషన్ ఎవరితో, ఏ వేళప్పుడు మాట్లాడదామనుకుందో చెప్పేయొచ్చు. ఇవాళ దానికి ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ జిల్లా, డావెంట్రీ అనే చిన్న ఊరు, దాని పక్కన బరో హిల్ అనే కొండ.

కొండ అంటే మన తిరుమల, సింహాచలం ఊహించుకోకండి. సముద్రమట్టానికి సుమారు 200 మీటర్ల ఎత్తు, పైన చదునుగా ఉంటుంది. ఇనుప యుగంలోనే అక్కడ మట్టికోట కట్టారు. 1645లో నేస్బీ యుద్ధానికి ముందు మొదటి చార్లెస్ రాజు సైన్యం అక్కడే దిగింది. చుట్టూ అంతా కనిపించే చోటు కావాలనుకున్నవాళ్లందరికీ ఆ కొండే కనబడింది. 1920ల్లో బీబీసీకీ అదే కనబడింది.

బీబీసీ అక్కడికి వెళ్లింది షార్ట్‌వేవ్ కోసం కాదు, లాంగ్‌వేవ్ కోసం. 5ఎక్స్‌ఎక్స్ అని ఒక స్టేషన్ ఉండేది: 1600 మీటర్ల తరంగం, 25 కిలోవాట్లు, 500 అడుగుల మాస్టులు రెండు. 1925 జూలై 27న ప్రారంభించారు. లాంగ్‌వేవ్ నేలని అంటిపెట్టుకుని పోతుంది. అందుకని ఇంగ్లండు, వేల్స్ మ్యాపు ముందేసుకుని, ఎక్కడ నుంచి గీస్తే వృత్తం సముద్రంలో తక్కువ, నేల మీద ఎక్కువ పడుతుందో చూశారు. దేశం నడిబొడ్డున ఉన్న డావెంట్రీ తేలింది. లండన్ స్టూడియో నుంచి కార్యక్రమం టెలిఫోన్ లైన్ మీద వస్తుంది, కొండ మీంచి గాల్లోకి పోతుంది. ఆ రోజుల్లో బ్రిటిష్ రేడియో సెట్ల డయల్ మీద డావెంట్రీ అన్న పేరు అచ్చు వేసి ఉండేది.

ఇక షార్ట్‌వేవ్. దీన్ని కనిపెట్టుకున్న ఘనత పెద్ద కంపెనీలకి ఇవ్వడానికి నాకు మనసొప్పదు. పొడుగు తరంగాలే దూరం పోతాయని నమ్మిన పెద్దలు, 200 మీటర్ల కంటే పొట్టివన్నీ పనికిరానివని అమెచ్యూర్లకి, అంటే సరదాకి రేడియో నడిపే హామ్‌లకి వదిలేశారు. ఆ పారేసిన సరుకుతోనే కుర్రాళ్లు ప్రపంచాన్ని చుట్టేశారు. 1924 అక్టోబర్ 18న లండన్ శివారులో మిల్ హిల్ స్కూల్ విద్యార్థి సెసిల్ గోయ్డర్, న్యూజిలాండ్‌లో గొర్రెల ఎస్టేటు నడుపుకునే కుటుంబానికి చెందిన ఫ్రాంక్ బెల్‌తో రెండు వైపులా మాట్లాడాడు, మోర్స్‌లో. అప్పటికి గోయ్డర్‌కి 18 ఏళ్లు. ఈ పేరు గుర్తుంచుకోండి, మన ఊళ్ల దాకా వస్తాడు.

1927లో కేటర్‌హామ్‌లో జెరాల్డ్ మార్కూస్ అనే అమెచ్యూర్ తన ఇంటి నుంచే బ్రిటిష్ సామ్రాజ్యానికి ప్రసారాలు మొదలుపెట్టాడు. అదే ఏడు హాలండ్‌లో ఫిలిప్స్ కంపెనీ ఐంధోవెన్ నుంచి షార్ట్‌వేవ్‌లో అదరగొట్టింది. ఇంకా ఊరుకుంటే పరువు పోతుందని బీబీసీ, మార్కోనీ కంపెనీ కలిసి 1927 నవంబర్‌లో చెమ్స్‌ఫర్డ్ నుంచి జీ5ఎస్‌డబ్ల్యూ అనే ప్రయోగ స్టేషన్ పెట్టాయి. దాని తర్వాత అయిదేళ్లు డబ్బు దగ్గర పేచీ. సామ్రాజ్యానికి రేడియో కావాలని అందరూ అంటారు, వలస ప్రభుత్వాలు మాత్రం జేబులో చెయ్యి పెట్టవు. చివరికి బ్రిటన్‌లో శ్రోతలు కట్టిన లైసెన్సు ఫీజులోంచే డావెంట్రీలో ఎంపైర్ స్టేషన్ కట్టారు.

1932 డిసెంబర్ 19న మొదలైంది. ప్రపంచాన్ని అయిదు మండలాలు చేశారు: ఆస్ట్రేలియా-న్యూజిలాండ్, ఇండియా, దక్షిణాఫ్రికా, పశ్చిమాఫ్రికా, కెనడా. ఒక్కో మండలానికి సాయంత్రం ఎప్పుడవుతుందో చూసి ఆ వేళకి రెండేసి గంటలు. అంటే ఇంగ్లండులో పొద్దున టిఫిన్ వేళకి మొదలుపెట్టి అర్ధరాత్రి దాటేదాకా, సూర్యుడి వెనకాలే పడమరకి జరుక్కుంటూ పోవడం. డైరెక్టర్ జనరల్ జాన్ రీత్ ప్రారంభోపన్యాసంలో ఏమన్నాడో తెలుసా? మొదట్లో ఎక్కువ ఆశించకండి, కార్యక్రమాలు అంత ఆసక్తిగానూ ఉండవు, అంత బాగానూ ఉండవు అన్నాడు. మన ప్రారంభోత్సవాల్లో ఎవరైనా ఇంత నిజం మాట్లాడగా విన్నారా? (నవ్వులు)

ఇప్పుడు పొలంలోకి వెళ్దాం. ఇది కాస్త నిదానంగా చెప్తాను.

షార్ట్‌వేవ్ ఆకాశంలోకి పోయి, 250, 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ అనే విద్యుదావేశపు గాలి పొరకి తగిలి కిందికి వంగుతుంది, నేలకి తగిలి మళ్లీ లేస్తుంది. చెరువులో పెంకు పల్చగా విసిరితే తుళ్లుకుంటూ పోతుందే, అలా. పెంకు ఎంత పల్చగా విసిరితే ఒక్కో గెంతు అంత దూరం. తరంగానికైనా అంతే: నేలకి దగ్గరి కోణంలో పంపితే ఒక్క గెంతుకి 4000 కిలోమీటర్ల దాకా పోతుంది. డావెంట్రీ నుంచి హైదరాబాద్‌కి లెక్క వేస్తే సుమారు 7,800 కిలోమీటర్లు. రెండు గెంతులు తక్కువలో తక్కువ.

ఎటువైపు గురి పెట్టాలి? గోడ మీద మ్యాపు చూస్తే ఇండియా ఇంగ్లండుకి ఆగ్నేయంగా ఉంటుంది. ఆ వైపు గురి పెడితే తప్పు. ఇంటికెళ్లాక గ్లోబు తీసి, ఇంగ్లండు నుంచి హైదరాబాద్‌కి ఒక దారం బిగించి పట్టండి. దారం ఇంగ్లండులో బయల్దేరేటప్పుడు దాదాపు సూటిగా తూర్పుకి పోతుంది. లెక్క ప్రకారం ఉత్తరం నుంచి 87 డిగ్రీలు. తర్వాత గ్లోబు గుండ్రం వల్ల దక్షిణానికి తిరుగుతూ వచ్చి మన నెత్తిన దిగుతుంది. కాబట్టి ఇండియా యాంటెనా కట్టాలంటే రెండు మాస్టుల్ని ఉత్తర దక్షిణాలుగా పాతాలి. వాటి మధ్య తెర కడితే దాని ముఖం తూర్పుకి ఉంటుంది.

తెర అన్నాను కదా, నిజంగానే దాన్ని కర్టెన్ అంటారు. రెండు మాస్టుల మధ్య డైపోల్ అనే యాంటెనా తీగలు వరసలు వరసలుగా, ఒకదాని కింద ఒకటి. ఒక్కో డైపోల్ పొడవు తరంగంలో సగం. 31 మీటర్ల బ్యాండుకైతే, అంటే సుమారు ఆ పొడవున్న తరంగాలకైతే, పదిహేనున్నర మీటర్లు. అడ్డంగా ఎక్కువ డైపోల్స్ పెడితే గురిపెట్టిన రేడియో ధార సన్నబడుతుంది. నిలువుగా ఎక్కువ పెడితే ధార నేలకి దగ్గరగా వంగి దూరం పోతుంది. వెనకాల పావు తరంగం దూరంలో ఇంకో తెర. అది రిఫ్లెక్టరు, వెనక్కి పోయేదాన్ని ముందుకి నెడుతుంది. ముందు తెరని, వెనక తెరని స్విచ్చితో తారుమారు చేస్తే మొత్తం గురి అటు తిరుగుతుంది. ఆస్ట్రేలియా లాంటి దేశానికి ఇది భలే ఉపయోగం, ఎందుకంటే ఇంగ్లండు నుంచి అక్కడికి భూమిని అటు నుంచైనా చుట్టి పోవచ్చు, ఇటు నుంచైనా పోవచ్చు. నాలుగు అడ్డం, నాలుగు నిలువు ఉన్న మంచి కర్టెన్, అన్ని వైపులా సమానంగా చిమ్మే యాంటెనాతో పోలిస్తే గురిపెట్టిన దిక్కుకి సుమారు వంద రెట్లు బలంగా పంపుతుంది. ట్రాన్స్‌మిటర్‌ని వంద రెట్లు పెద్దది చేయడానికయ్యే ఖర్చు ఆలోచించండి, తీగల విలువ తెలుస్తుంది. 1932లో డావెంట్రీలో కట్టినవి దీనికంటే చిన్నవే, అన్ని దిక్కులకీ పంపేవీ కొన్ని ఉండేవి. పెద్ద తెరలు తర్వాత్తర్వాత వచ్చాయి.

ఒక దిక్కుకి ఒక తెర చాలదు. పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీ, అంటే పొట్టి తరంగం పనిచేస్తుంది, రాత్రి తక్కువది, అంటే పొడుగుది. మన దగ్గర సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. తరంగం వెలుతురులో బయల్దేరి చీకట్లోకి దిగాలి, రెండింటికీ సరిపడే ఫ్రీక్వెన్సీ వెతకాలి. డావెంట్రీ వాళ్లు తమ ఫ్రీక్వెన్సీలకి జీఎస్‌ఏ, జీఎస్‌బీ, జీఎస్‌సీ అని వరసగా పేర్లు పెట్టుకున్నారు. జీఎస్‌ఏ 49 మీటర్లు, జీఎస్‌బీ 31, జీఎస్‌డీ 25, జీఎస్‌ఎఫ్ 19, అలా. అయిదు మండలాలు, మండలానికి రెండు మూడు బ్యాండులు. గుణించుకుంటే కొండంతా మాస్టులే.

ఇంకో చిక్కు సూర్యుడిది. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతాయి. మచ్చలు తగ్గితే అయనోస్ఫియర్ పల్చబడి ఎక్కువ ఫ్రీక్వెన్సీల్ని వంచలేదు. 1933లో మచ్చలు బాగా తగ్గిపోయాయి. అంటే ఎంపైర్ సర్వీసు మొదలైంది సరిగ్గా చెడ్డ ముహూర్తంలో! 1937కి వచ్చేసరికి మచ్చలు పెరిగి పై బ్యాండులు తెరుచుకున్నాయి. ఆ ఏడే ఆరో జార్జి పట్టాభిషేకం. దాని కోసం డావెంట్రీలో పెద్ద ట్రాన్స్‌మిటర్లు పెట్టారు.

హాలుకీ తెరకీ మధ్య ఉండేది ఫీడరు. స్తంభాల మీద పింగాణీ ఇన్సులేటర్లు, వాటి మీద రాగి తీగలు జంటగా. కొత్తవాళ్లు దాన్ని టెలిఫోన్ లైను అనుకుంటారు. కింద ట్యూబ్‌లైట్ చేత్తో పట్టుకుని నిలబడితే కనెక్షన్ లేకుండా వెలుగుతుంది. ముట్టుకుంటే షాక్ కాదు, మాంసం లోపల్నించి కాలుతుంది, మానడానికి చాలా రోజులు పడుతుంది. తీగలు రెండూ సమానంగా బిగిసి ఉండాలి, మధ్య దూరం ఎక్కడా మారకూడదు. వాన పడ్డాక ఇన్సులేటర్ల మీద మసి, పిట్టలు కట్టిన గూళ్లు, ఇవే మా రోజువారీ శత్రువులు. ఏ ట్రాన్స్‌మిటర్‌ని ఏ తెరకి కలపాలో మార్చే స్విచ్చింగ్ ఒకచోట ఉంటుంది. గంట మారేటప్పుడు అక్కడ జరిగే హడావిడి చూడాలి. కారియర్ (ట్రాన్స్‌మిటర్ పంపే మూల తరంగం) ఆపకుండా స్విచ్చి మారిస్తే నిప్పు లేస్తుంది.

ప్రసారం మొదలైన ఆరు రోజులకి క్రిస్మస్. అయిదో జార్జి రాజు సాండ్రింగ్‌హామ్ ఇంట్లో మెట్ల కింద చిన్న గదిలో కూర్చుని, కిప్లింగ్ రాసిచ్చిన ఉపన్యాసం చదివాడు. కాగితాల చప్పుడు వినబడకుండా బల్ల మీద మందపాటి గుడ్డ పరిచారు. టైము మధ్యాహ్నం మూడు దాటాక. ఎందుకు మూడు? రాజుగారి భోజనాన్ని బట్టి కాదు, సామ్రాజ్యంలో ఎక్కువ దేశాలకి షార్ట్‌వేవ్ బాగా అందే వేళ అదే. రాజు కూడా అయనోస్ఫియర్ చెప్పిన టైముకి కూర్చోవాల్సిందే.

మనవాళ్లు విన్నారా అంటే, చాలా కొద్దిమంది. ఆ సర్వీసు ఇంగ్లీషులో, ఇక్కడున్న దొరల కోసం, తోటల యజమానుల కోసం. ఇండియాలో రేడియో లైసెన్సులు ఆ తర్వాత పెరిగాయి, కొన్నది ఎక్కువగా యూరోపియన్లే. ఇంగ్లీషు కాని మొదటి భాష అరబిక్, 1938 జనవరిలో. హిందుస్తానీ 1940 మేలో వచ్చింది. సామ్రాజ్యం మీద ప్రేమతో కాదు, యుద్ధం ముంచుకొచ్చి, జర్మన్లు జేసెన్‌లో ఉన్న తమ షార్ట్‌వేవ్ స్టేషన్ నుంచి ఊదరగొడుతుంటే తప్పక.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. 1935 ఫిబ్రవరి 26.

బ్రిటిష్ వైమానిక శాఖకి ‘మరణ కిరణం’ పిచ్చి ఉండేది. వంద గజాల దూరంలో ఉన్న గొర్రెని చంపే కిరణం చూపిస్తే వెయ్యి పౌన్లు ఇస్తామన్నారు. రేడియో శాస్త్రవేత్త రాబర్ట్ వాట్సన్-వాట్‌ని అడిగితే, ఆయన తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కి లెక్క అప్పగించాడు. కిరణంతో చంపడం కుదరదని తేలింది. కానీ విమానాలు దగ్గరికొస్తే రేడియో సిగ్నల్ ఊగుతోందని పోస్టాఫీసు ఇంజనీర్లు రాసింది విల్కిన్స్‌కి గుర్తొచ్చింది. చంపలేం, కనిపెట్టగలం అన్నాడు. పైవాళ్లు రుజువు అడిగారు.

కొత్త ట్రాన్స్‌మిటర్ కట్టే టైము లేదు. విల్కిన్స్ చూపు డావెంట్రీ మీద పడింది. 49 మీటర్ల బ్యాండులో ప్రసారం ఉంది. అందులో సగం ఇరవై నాలుగున్నర మీటర్లు. అప్పటి బాంబర్ హేఫోర్డ్ రెక్కల పొడవు 75 అడుగులు, అంటే దాదాపు 23 మీటర్లు. అర్థమైందా? ఆ విమానం రెక్కే ఎగురుతున్న డైపోల్! తరంగం తగలగానే అదే తిరిగి ప్రసరిస్తుంది.

డావెంట్రీ దగ్గరి వీడన్ ఊరికి దక్షిణాన ఒక పొలంలో వ్యాను నిలిపారు. రెండు ఏరియల్స్ కట్టారు. డావెంట్రీ నుంచి తిన్నగా వచ్చే సిగ్నల్ చాలా బలంగా ఉంటుంది కాబట్టి, రెండు ఏరియల్స్‌లో దాన్ని ఎదురు ఫేజులో, అంటే ఒకదాని ఎగుడుకి ఇంకోదాని దిగుడు తగిలేలా కలిపి రద్దు చేశారు. అప్పుడు పాత టీవీ లాంటి కేథోడ్ రే తెర మీద చుక్క కదలకుండా ఉంటుంది. హేఫోర్డ్ ఆ ధార మీదుగా అటూ ఇటూ ఎగిరింది. విమానం వచ్చినప్పుడల్లా చుక్క సాగి గీత అయ్యింది, గీత పొడవు ఊగింది. ఎనిమిది మైళ్ల దాకా కనబడింది. నాలుగేళ్లలో ఇంగ్లండు తీరం పొడుగునా ఇలా విమానాల్ని కనిపెట్టే రాడార్ స్టేషన్ల గొలుసు కట్టేశారు. దూరదేశాలకి వార్తలు పంపడానికి గురిపెట్టిన ధార, పక్క ఊళ్లో విమానాన్ని పట్టిచ్చింది. ఆ పొలం దగ్గర ఇప్పుడు స్మారక శిల ఉంది.

(సభలోంచి ప్రశ్న: మన తెలుగువాళ్లకి దీంతో సంబంధం ఏమైనా ఉందా?)

ఉంది బాబూ, అక్కడికే వస్తున్నాను. గోయ్డర్ గుర్తున్నాడా? పెద్దయ్యాక బీబీసీలో ఇంజనీరయ్యాడు. 1936లో ఆలిండియా రేడియోకి చీఫ్ ఇంజనీరుగా వచ్చాడు. చేతిలో డబ్బు కొంచెం, దేశం ఇంత. మీడియంవేవ్ స్టేషన్లతో దేశమంతా నింపడం కుదరదు, పైగా మన ఉరుములూ మెరుపులూ మీడియంవేవ్‌ని గరగరలాడిస్తాయి. షార్ట్‌వేవ్ పెడదాం, నాణ్యత కాస్త తక్కువైనా అందరికీ అందుతుంది అన్నాడు. 1938 జూన్ 16న మద్రాసు స్టేషన్ మొదలైనప్పుడు మీడియంవేవ్ పావు కిలోవాట్, షార్ట్‌వేవ్ పది కిలోవాట్లు. మీడియంవేవ్ ఊరికి, షార్ట్‌వేవ్ జిల్లాలకి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్‌లో వచ్చేదాకా మన ఆంధ్ర జిల్లాల్లో తెలుగు కార్యక్రమాలు విన్నది మద్రాసు నుంచే.

అక్కడ యాంటెనా పొలం మాత్రం డావెంట్రీకి పూర్తిగా ఎదురు. మద్రాసు నుంచి నెల్లూరుకో గుంటూరుకో పంపాలంటే పల్చటి కోణం పనికిరాదు, ధార మన నెత్తి మీంచి దాటి ఎక్కడో దిగుతుంది. తిన్నగా పైకి కొట్టాలి, వాన పడ్డట్టు చుట్టూ పడాలి. అందుకని తక్కువ ఫ్రీక్వెన్సీ, నేలకి దగ్గరగా పడుకోబెట్టిన డైపోల్. పెద్ద తెరలూ అక్కర్లేదు, గురీ అక్కర్లేదు. తర్వాత మన హైదరాబాద్ 4800 కిలోహెర్ట్జ్ మీద వినిపించిందీ ఈ పద్ధతే. అసలు ఆ ఆకాశపు పొర ఎత్తు మొదట కొలిచింది ఆపిల్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, 1924 డిసెంబర్‌లో, అదీ బోర్న్‌మత్‌లో బీబీసీ ట్రాన్స్‌మిటర్‌ని రాత్రి ప్రసారాలు అయ్యాక అడిగి తీసుకుని. మన దేశంలో ఆ చదువుని కలకత్తాలో శిశిర్ కుమార్ మిత్ర నిలబెడితే, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావుగారు అయనోస్ఫియర్ మీద ఒక పెద్ద బృందాన్నే తయారుచేశారు.

డావెంట్రీ చివరి రోజుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. యుద్ధంలో స్కెల్టన్, రాంపిషామ్, వూఫర్టన్ లాంటి కొత్త స్టేషన్లు వచ్చాక భారం పంచుకున్నారు. 1992లో మూసేశారు. మాస్టులు దించేశారు, ఒక్కటి మిగిలింది. కొండ మీద ఇప్పుడు జనం షికారు చేస్తారు. వూఫర్టన్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేస్తూ వచ్చింది.

(ప్రశ్న: ఇన్ని తెరలు కట్టే బదులు ఒకే యాంటెనాని తిప్పుకోవచ్చు కదండీ?)

మంచి ప్రశ్న అమ్మా. జర్మనీలో బెర్లిన్ దగ్గర నౌఎన్‌లో అదే చేశారు. 1964లో మొత్తం టవరునే తిరిగేలా కట్టారు, తెరలతో సహా. 1997లో అక్కడే 500 కిలోవాట్లవి నాలుగు పెట్టారు, ట్రాన్స్‌మిటర్ టవరు కాళ్ల దగ్గరే, పైన తెర ఏ దిక్కుకి కావాలంటే ఆ దిక్కుకి. మైళ్ల కొద్దీ ఫీడరు లేదు, స్విచ్చింగ్ గొడవ లేదు. నేను ఇప్పటిదాకా చెప్పిన పొలం అంతా నాలుగు టవర్లలో సర్దేశారు. బేరింగుకి గ్రీజు ఎవరు పెడతారన్నది మాత్రం నన్నడక్కండి. (నవ్వులు)